కొలిచే ప్రాజెక్టా, కట్టే ప్రాజెక్టా? హైస్కూలు విద్యార్థి ఎంపికకు ఒక పోలిక

ఎనిమిది, తొమ్మిది, పది తరగతులు చదువుతున్న విద్యార్థి సొంతంగా ఒక సైన్స్ ప్రాజెక్టు చేస్తానని ముందుకు వచ్చినప్పుడు, ఇంట్లోనూ బడిలోనూ వెంటనే మొదలయ్యేది టాపిక్ వెతుకులాట. ఏది తీసుకుంటే బహుమతి వస్తుంది, ఏది కొత్తగా కనిపిస్తుంది అన్న చర్చలోనే రెండు మూడు వారాలు గడిచిపోతాయి. నా ఉద్దేశంలో టాపిక్ కంటే ముందు తేల్చుకోవలసింది ప్రాజెక్టు రకం. ప్రకృతిలో జరుగుతున్నదాన్ని కొలిచి జవాబు రాబట్టడం ఒక రకం. ఒక అవసరాన్ని తీర్చే పరికరాన్ని కట్టి, అది ఎంత బాగా పనిచేస్తుందో పరీక్షించడం మరొక రకం. విత్తనాలను, మొక్కలను పెంచి పోల్చడం ఇంకొకటి. ఇటీవల కంప్యూటరులో సమాచారాన్ని విశ్లేషించే ప్రాజెక్టులు కూడా వీటితో చేరాయి. ఈ నాలుగింటికీ కావలసిన కాలం, డబ్బు, స్థలం, పెద్దల తోడు వేరువేరుగా ఉంటాయి కాబట్టి, విద్యార్థి పరిస్థితికి సరిపడే రకాన్ని ముందు ఎంచుకుంటే టాపిక్ వెతుకులాట సగానికి సగం తగ్గుతుంది.

సిరంజిలతో చేసే హైడ్రాలిక్ లిఫ్టు, వంటసోడాతో చేసే అగ్నిపర్వతం, థర్మోకోల్ మీద అతికించే సౌర కుటుంబం వంటి వాటిని నేను ఈ పోలికలో చేర్చడం లేదు. పాఠం అర్థం కావడానికి అవి ఉపయోగపడతాయి, కానీ వాటి ఫలితం పుస్తకంలో ముందే రాసి ఉంటుంది. సొంత ప్రాజెక్టు అనడానికి నేను పెట్టుకున్న పరీక్ష ఒక్కటే: పని మొదలుపెట్టిన రోజున జవాబు విద్యార్థికీ తెలియకూడదు, గైడ్ టీచరుకూ తెలియకూడదు, అయితే రెండు మూడు నెలల్లో ఆ విద్యార్థి చేతుల మీదుగానే అది తేలగలగాలి.

కొలిచే ప్రాజెక్టులు

నాలుగింటిలో నేను ఎక్కువమందికి సూచించేది ఇదే కాబట్టి దీని గురించి కాస్త వివరంగా చెబుతాను. వేసవిలో ప్రతి ఇంట్లో కనిపించే నీళ్ల కుండనే తీసుకుందాం. తెలంగాణలో చాలా చోట్ల రంజన్ అని పిలిచే ఈ మట్టి పాత్ర గోడల్లోని సన్నని రంధ్రాల గుండా నీరు చెమ్మగా బయటికి వచ్చి ఆవిరవుతుంది, ఆవిరి కావడానికి కావలసిన వేడిని లోపలి నీటి నుంచి తీసుకుంటుంది, అందువల్ల నీరు చల్లబడుతుంది. ఇంతవరకు పాఠ్యపుస్తకం చెబుతుంది. మీ ఊళ్లో, మీ ఇంటి వరండాలో, ఏప్రిల్ నెలలో ఆ కుండ నీటిని ఎన్ని డిగ్రీలు చల్లబరుస్తుందో మాత్రం ఏ పుస్తకమూ చెప్పదు.

ఈ ప్రశ్న అందంగా ఉండటానికి కారణం మన రెండు రాష్ట్రాల వాతావరణమే. గాలి ఉష్ణోగ్రత 40 డిగ్రీల సెల్సియస్, గాలిలో తేమ 20 శాతం ఉన్న తెలంగాణ మధ్యాహ్నంలో తడిగుడ్డ చుట్టిన థర్మామీటరు సుమారు 23 డిగ్రీలు చూపిస్తుంది. అదే సముద్ర తీరంలో 35 డిగ్రీల వేడి, 70 శాతం తేమ ఉన్న రోజున తడి థర్మామీటరు 30 డిగ్రీల దగ్గరే ఆగిపోతుంది. ఆవిరి కావడం ద్వారా కుండ నీటిని ఆ తడి థర్మామీటరు చూపే అంకె కంటే కిందికి తీసుకుపోలేదు. అంటే ఎండ ఎక్కువగా ఉన్న కరీంనగర్‌లో కుండ నీళ్లు, ఎండ తక్కువగా ఉన్న కాకినాడలో కుండ నీళ్ల కంటే చల్లగా ఉండే అవకాశం ఉంది. ఈ రెండు చోట్ల ఉన్న ఇద్దరు బంధువుల పిల్లలు ఒకే కొలత పద్ధతి పెట్టుకుని వేసవి సెలవుల్లో ఒకేసారి కొలిస్తే, అది నిజమైన పరిశోధన అవుతుంది.

దీనికి కావలసినవి రెండు ఎర్ర ద్రవం ఉన్న గాజు థర్మామీటర్లు, మూడు లీటర్ల కుండ, వంటింటి డిజిటల్ తూకం, ఒక నోటుపుస్తకం. పాదరసం థర్మామీటర్లు పగిలితే ప్రమాదం కాబట్టి వాటిని వాడకూడదు. కుండను ప్రతి రెండు గంటలకు తూచి ఎంత నీరు ఆవిరైందో రాసుకోవాలి. ఒక కిలో నీరు ఆవిరి కావడానికి సుమారు 2,400 కిలోజౌళ్ల వేడి కావాలి కాబట్టి, 60 గ్రాములు ఆవిరైతే దాదాపు 144 కిలోజౌళ్లు పోతాయి. ఆ వేడంతా మూడు లీటర్ల నీటి నుంచే పోయిందనుకుంటే నీటి ఉష్ణోగ్రత 11 డిగ్రీలకు కాస్త పైగా తగ్గాలి. నిజంగా కొలిస్తే అంత తగ్గదు, ఎందుకంటే చుట్టూ ఉన్న వేడి గాలి నుంచి కుండలోకి వేడి వస్తూనే ఉంటుంది. లెక్కకూ కొలతకూ మధ్య ఉన్న ఆ తేడా ఎంత, దేని వల్ల మారుతుంది, నీడలో పెడితే ఎంత, ఇసుక మీద పెడితే ఎంత, పాత కుండకూ కొత్త కుండకూ ఎంత అని అడుగుతూ పోతే పదో తరగతి విద్యార్థికి ఒక వేసవి సరిపోదు. ఇంత లోతు ఉన్న పని మొత్తం ఖర్చు చాలా ఇళ్లలో కొన్ని వందల రూపాయలు దాటదు.

ఇదే కోవలో నీడను కొలిచే ప్రాజెక్టు మరొకటి. ఆదిలాబాద్ అక్షాంశం సుమారు 19.7 డిగ్రీలు, తిరుపతి అక్షాంశం 13.6 డిగ్రీలు. రెండు ఊళ్లలో ఒకే రోజున స్థానిక మధ్యాహ్నం వేళ, అంటే నీడ అతి పొట్టిగా ఉన్న క్షణంలో, ఒక మీటరు కర్ర నీడను కొలిచి సూర్యుని కోణం లెక్కగడితే రెండు కోణాల మధ్య సుమారు 6 డిగ్రీల తేడా వస్తుంది. ఆ ఊళ్ల మధ్య ఉత్తర దక్షిణ దూరం దాదాపు 670 కిలోమీటర్లు కాబట్టి 360ని 6తో భాగించి 670తో గుణిస్తే భూమి చుట్టుకొలత 40,000 కిలోమీటర్లకు దగ్గరగా వస్తుంది. ఇక్కడ రోడ్డు దూరం వేస్తే లెక్క తప్పుతుంది, ఆ సంగతి విద్యార్థే కనిపెట్టేలా వదిలేయడం మంచిది. మే, ఆగస్టు నెలల్లో కొన్ని రోజులపాటు సూర్యుడు ఈ రెండు ఊళ్ల మధ్య ఏదో ఒక చోట నడినెత్తికి వస్తాడు. హైదరాబాద్‌లో మే 9న, ఆగస్టు 3న నీడ మాయమయ్యేది అందుకే. అలాంటి రోజుల్లో ఒక ఊరి నీడ ఉత్తరానికి, రెండో ఊరి నీడ దక్షిణానికి పడతాయి కాబట్టి కోణాలను తీసివేయకుండా కలపాలి. పైగా సూర్యబింబం అర డిగ్రీ వెడల్పు ఉండటం వల్ల నీడ కొస మసకగా ఉంటుంది, 6 డిగ్రీల తేడాలో అర డిగ్రీ పొరపాటు అంటే 8 శాతం. తన కొలతలో ఎంత పొరపాటు ఉండవచ్చో విద్యార్థి తానే చెప్పగలగడం నా దృష్టిలో సరైన జవాబు చెప్పడం కంటే పెద్ద విషయం.

కొలిచే ప్రాజెక్టులకు ఉన్న లోటు గురించి కూడా చెప్పాలి. ప్రదర్శన బల్ల మీద అవి వెలవెలబోతాయి. పక్క బల్ల మీద లైట్లు వెలుగుతూ, మోటారు తిరుగుతూ ఉంటే ఒక కుండ, నాలుగు గ్రాఫులు ఎవరి కంటికీ ఆనవు. తల్లిదండ్రులు ఈ విషయం ముందే తెలుసుకుని పిల్లల పక్షాన నిలబడాలి. రెండో లోటు, రోజూ ఒకే వేళకు అదే కొలత తీసుకోవలసి రావడం; వారం రోజులకే విసుగొచ్చే స్వభావం ఉన్న పిల్లవాడికి ఇది బలవంతంగా అప్పగిస్తే చివరి పది రోజుల అంకెలు ఊహించి రాసే ప్రమాదం ఉంది. అలాంటి పిల్లవాడికి కట్టే ప్రాజెక్టే మేలు.

కట్టే ప్రాజెక్టులు

ఇంజనీరింగ్ ప్రాజెక్టు అనగానే ఇప్పుడు సెన్సర్లను, మోటార్లను ప్రోగ్రాముతో నడిపే చిన్న ఎలక్ట్రానిక్ పలక, ఆర్డునో బోర్డు గుర్తుకు వస్తుంది. నీతి ఆయోగ్ ఆధ్వర్యంలో 2016లో మొదలైన అటల్ ఇన్నోవేషన్ మిషన్ కింద పాఠశాలకు 20 లక్షల రూపాయల వరకు సహాయంతో, పిల్లలు సొంతంగా పరికరాలు కట్టి చూసే అటల్ టింకరింగ్ ల్యాబులు ఏర్పాటయ్యాయి. ఆరు నుంచి పన్నెండో తరగతి వరకు విద్యార్థులు వాటిని వాడుకోవచ్చు. మీ బడిలో ఆ ల్యాబు ఉండి, తాళం తీసి ఉంచే టీచరు కూడా ఉంటే కట్టే ప్రాజెక్టు వైపు మొగ్గడానికి అది బలమైన కారణం. ల్యాబు లేకపోతే విడిభాగాలు కొనుక్కోవాలి. హైదరాబాద్ వాళ్లకు కోఠిలోని గుజరాతీ గల్లీ ఉంది, మిగతా వాళ్లు ఆన్‌లైన్‌లో తెప్పించుకోవచ్చు, కానీ ఒక సెన్సరు పాడైతే మళ్లీ వారం రోజులు ఎదురుచూడాలన్నది లెక్కలో పెట్టుకోవాలి.

నేను ఎక్కువగా చూసిన ప్రాజెక్టు మట్టి తేమను బట్టి దానంతట అదే నీరు పెట్టే పరికరం. ఇందులో తప్పేమీ లేదు, కానీ చాలామంది అది పనిచేసిన క్షణంలోనే ప్రాజెక్టు పూర్తయిందనుకుంటారు. నిజానికి అప్పుడే మొదలవుతుంది. చౌకగా దొరికే, రెండు కాళ్లున్న మట్టి సెన్సరు విద్యుత్ నిరోధాన్ని కొలుస్తుంది. దానికి ఎప్పుడూ కరెంటు ఇచ్చి ఉంచితే తడి మట్టిలో విద్యుద్విశ్లేషణ జరిగి లోహపు పూత కరిగిపోతుంది. నేను గైడుగా ఉన్న ఒక ప్రాజెక్టులో మూడు వారాలపాటు మట్టి రోజురోజుకూ ఎండిపోతున్నట్టు అంకెలు వస్తుంటే, మొక్క ఎక్కువ నీరు తాగుతోందని ఆ విద్యార్థీ నేనూ నమ్మాం. సెన్సరును బయటికి లాగి చూశాక ఒక కాలు సగానికి పైగా తినేసి ఉంది. అప్పటి నుంచి నేను విద్యార్థులకు చెప్పేది, కొలిచే క్షణంలో మాత్రమే సెన్సరుకు కరెంటు ఇమ్మని, వీలైతే లోహం మట్టికి తగలని కెపాసిటివ్ రకం కొనమని, అన్నిటికంటే ముందు సెన్సరు చూపే 0 నుంచి 1023 వరకు ఉండే అంకెకు అర్థం తెలుసుకోమని. ఒక పిడికెడు మట్టిని తూచి, ఎండబెట్టి, మళ్లీ తూచి అసలు తేమ శాతం కనుక్కుని, దాని పక్కన సెన్సరు అంకె రాసి గ్రాఫు గీస్తే ఆ అంకెకు ప్రాణం వస్తుంది. మీ ఊరి నల్లరేగడిలో ఒక గ్రాఫు, పక్క ఊరి ఎర్రమట్టిలో మరొక గ్రాఫు వస్తాయి. ఆ తేడాను చూపించిన విద్యార్థి, మోటారు తిప్పి చూపించిన వంద మంది కంటే ముందుకు వెళ్లినట్టే.

నీళ్ల ట్యాంకు మట్టం చూపే పరికరంలోనూ ఇలాంటి విశేషమే ఉంది. అల్ట్రాసోనిక్ సెన్సరు శబ్దాన్ని పంపి, ప్రతిధ్వని తిరిగి రావడానికి పట్టిన కాలాన్ని బట్టి దూరం చెబుతుంది. శబ్ద వేగం 20 డిగ్రీల దగ్గర సెకనుకు 343 మీటర్లు, 40 డిగ్రీల దగ్గర దాదాపు 355 మీటర్లు. ఇంటర్నెట్ నుంచి తెచ్చుకున్న ప్రోగ్రాములో 343 అనే అంకె అలాగే ఉండిపోతే, డాబా మీది ట్యాంకులో మీటరు దూరానికి మూడున్నర సెంటీమీటర్ల వరకు తేడా రావచ్చు. ఉష్ణోగ్రతను కూడా కొలిచి ఆ తేడాను సరిచేయడం చక్కని ఇంజనీరింగ్ పని, ఒక తొమ్మిదో తరగతి విద్యార్థికి అందుబాటులో ఉన్న పని.

ఎలక్ట్రానిక్స్ లేని కట్టే ప్రాజెక్టులను మనవాళ్లు తక్కువగా చూస్తారు, అది సరికాదు. గుంటూరు, ఖమ్మం ప్రాంతాల కల్లాల్లో మిరపకాయలు నేల మీద ఎండబోస్తారు. రాత్రి మంచు, అకాల వర్షం, దుమ్ము వాటిని పాడుచేస్తాయి. పాలిథీన్ షీటు, నల్లరంగు వేసిన రేకు, వెదురు బద్దలతో ఒక చిన్న సోలార్ డ్రయ్యర్ కట్టి, అందులో ఒక కిలో, పక్కనే పరదా మీద ఒక కిలో పోసి రోజుకు రెండుసార్లు తూచితే చాలు. సుమారు పది శాతం తేమకు చేరడానికి దేనికి ఎన్ని గంటలు పట్టింది, రంగు ఎలా ఉంది, గాలి పోయే సందు వెడల్పు పెంచితే ఏమైంది అన్నవి పోల్చుకోవచ్చు. ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. కట్టే ప్రాజెక్టుకు ముందుగానే ఒక అంకె లక్ష్యంగా రాసుకోవాలి: ఇన్ని గంటల్లో ఆరాలి, ఇంత ఖర్చు దాటకూడదు, ఒక్కరే మోయగలగాలి. ఆ లక్ష్యం లేకుండా కట్టిన పరికరం బాగుందా లేదా అన్నది చూసేవాళ్ల మర్యాద మీద ఆధారపడుతుంది. మరొకటి, మొదటి నమూనా బాగా పనిచేయదు. రెండో నమూనాకు, మూడో నమూనాకు కాలం, డబ్బు మిగుల్చుకోలేని విద్యార్థి కట్టే ప్రాజెక్టును ఎంచుకోకపోవడమే మంచిది.

విత్తనాలు, నీళ్లు

పెంచే ప్రాజెక్టులు చూడటానికి అన్నిటికంటే తేలిక. పెసలు ఒకటి రెండు రోజుల్లోనే మొలకెత్తుతాయి, వరి నారుకు పెద్దగా స్థలం అక్కర్లేదు. రొయ్యల చెరువుల పక్కన పొలాలున్న గోదావరి, కృష్ణా డెల్టా పిల్లలకు ఉప్పు నీటిలో వరి ఎంతవరకు తట్టుకుంటుందన్నది ఇంటి ప్రశ్నే. మొలకెత్తే దశలో వరి ఉప్పును కొంత తట్టుకుంటుంది, నారు దశలో బాగా దెబ్బతింటుంది, కాబట్టి మొలకలు లెక్కపెట్టి ఆపేస్తే తప్పు అభిప్రాయానికి వస్తాం. అసలు చిక్కు సంఖ్యలో ఉంది. ఒక గిన్నెలో పది గింజలు, మరో గిన్నెలో పది గింజలు వేసి ఒకదానిలో ఎనిమిది, రెండో దానిలో ఏడు మొలిస్తే దాని నుంచి ఏమీ చెప్పలేం. వంద గింజల్లో 85, 80 మొలిచినా ఆ తేడా యాదృచ్ఛికంగా వచ్చేదే కావచ్చు. విత్తన పరీక్ష ప్రయోగశాలలు అంతర్జాతీయ పద్ధతి ప్రకారం 400 గింజలు వాడేది ఇందుకే. వందల గింజలు ఓపిగ్గా లెక్కపెట్టగలిగితే ఈ రకం ఎంచుకోండి, నాలుగు కుండీలతో సరిపెట్టాలనుకుంటే వద్దు.

నీటి నాణ్యత మీద ప్రాజెక్టులకు మన ప్రాంతంలో బలమైన కారణం ఉంది. నల్లగొండ జిల్లా ఫ్లోరైడ్ బాధ ఎంత పాతదో అందరికీ తెలుసు. పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడరుతో ఫ్లోరైడ్‌ను తగ్గించే పద్ధతిని నాగపూర్‌లోని జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ రూపొందించింది, దాని పేరే నల్లగొండ టెక్నిక్. భారతీయ ప్రమాణాల ప్రకారం తాగునీటిలో ఫ్లోరైడ్ లీటరుకు 1 మిల్లీగ్రాము మించకూడదు, వేరే నీరు దొరకని చోట 1.5 వరకు అనుమతిస్తారు. ఊళ్లోని ఇరవై బోర్ల నీటిని వర్షాకాలానికి ముందు, తర్వాత ఫీల్డ్ కిట్‌తో పరీక్షించి పటం గీయడం విలువైన పని. కాచిన నీటిలో ఫ్లోరైడ్ తగ్గుతుందని నమ్మే ఇళ్లు ఇంకా ఉన్నాయి, నిజానికి కాచినప్పుడు నీరు ఆవిరై ఫ్లోరైడ్ గాఢత పెరుగుతుంది; ఆ ఒక్క విషయాన్ని ఊళ్లో కొలిచి చూపించినా ప్రయోజనమే. అయితే కిట్‌లోని రసాయనాల్లో ఆమ్లాలు ఉంటాయి కాబట్టి పెద్దల సమక్షంలోనే చేయాలి. విద్యార్థి శుద్ధి చేసిన నీటిని ఎవరూ తాగకూడదు, ప్రదర్శనలో తాగి చూపించడం అసలే కూడదు. అలాగే మురుగు కాలువ నీటి నుంచి సూక్ష్మజీవులను ఇంట్లో పెంచే ప్రాజెక్టులను నేను ఏ పరిస్థితిలోనూ ఒప్పుకోను. ఏ జీవి పెరుగుతుందో మనకు తెలియదు, అంతర్జాతీయ పోటీ నియమాలు కూడా దాన్ని నిషేధిస్తాయి.

కంప్యూటరుతో చేసేవి

ఆకు ఫొటో చూపిస్తే తెగులు పేరు చెప్పే ప్రోగ్రాము ఇప్పుడు ప్రతి ప్రదర్శనలోనూ ఉంటోంది. ఇందులో దాదాపు అందరూ వాడేది ప్లాంట్‌విలేజ్ అనే ఫొటోల సంచయం; అందులో 54 వేలకు పైగా ఆకుల ఫొటోలున్నాయి. ఆ ఫొటోలతో శిక్షణ ఇచ్చిన ప్రోగ్రాము 99.35 శాతం సరిగ్గా గుర్తించిందని 2016లో వెలువడిన పరిశోధన పత్రం చెప్పింది. అదే పరిశోధకులు వేరే పరిస్థితుల్లో తీసిన ఫొటోలు ఇచ్చినప్పుడు ఆ సంఖ్య 31 శాతం దగ్గరికి పడిపోయిందని కూడా రాశారు. మొదటి అంకెను మాత్రమే చార్టు మీద పెద్ద అక్షరాలతో రాసుకునే విద్యార్థికి ఈ ప్రాజెక్టు వల్ల కలిగే లాభం తక్కువ. తన ఊరి మిరప చేలో ఎండలో, నీడలో, గాలికి ఊగుతున్న ఆకులను తానే రెండు వందల ఫొటోలు తీసి, ఏది ఆకుముడతో వ్యవసాయాధికారిని అడిగి నిర్ధారించుకుని, ప్రోగ్రాము ఎక్కడ తప్పుతోందో వర్గీకరించే విద్యార్థి నిజమైన పని చేస్తున్నట్టు. ఖర్చు లేదు, ప్రమాదం లేదు, కానీ ప్రోగ్రాములో ప్రతి వరుస ఏం చేస్తుందో వివరించగలిగినప్పుడే ఈ రకం ఎంచుకోవాలి. పరీక్షకుడు అడిగే మొదటి ప్రశ్న అదే అవుతుంది.

కాలం కలిసి రావాలి

ఎంపికలో అందరూ మరచిపోయేది ఋతువు. కుండ ప్రాజెక్టుకు ఏప్రిల్, మే నెలలు కావాలి, బడి తెరిచేది జూన్‌లో. అందువల్ల తొమ్మిదో తరగతి ముగిసిన సెలవుల్లో కొలతలన్నీ తీసుకుని, పదో తరగతి మొదట్లో గ్రాఫులు గీసి నివేదిక రాయడం ఒక్కటే దారి. మిరపకాయలు కల్లానికి వచ్చేది పదో తరగతి పరీక్షలు తరుముతున్న రోజుల్లో కాబట్టి డ్రయ్యర్ ప్రాజెక్టును ఎనిమిది లేదా తొమ్మిదో తరగతి వాళ్లు తీసుకోవాలి. బోరు నీటి ప్రాజెక్టుకు వర్షాకాలానికి రెండు వైపులా కొలతలు అవసరం, అంటే కనీసం ఆరు నెలలు. పదో తరగతి సెప్టెంబరులో ఆలోచన వచ్చిన విద్యార్థికి ట్యాంకు మట్టం పరికరం, విత్తనాలు, నీడ కొలత, ఫొటోల ప్రాజెక్టు మాత్రమే మిగులుతాయి, వాటిలోనూ నీడ కొలతకు మబ్బులు లేని నవంబరు దాకా ఆగడం మేలు.

ఏ వేదికకు ఏది

పోటీని బట్టి ప్రాజెక్టును ఎంచుకోవడం నాకు ఇష్టం లేదు, కానీ ఎంచుకున్న ప్రాజెక్టుకు తగిన వేదికను వెతకడం అవసరమే. జాతీయ బాలల సైన్స్ కాంగ్రెస్ 1993 నుంచి జరుగుతోంది. 10 నుంచి 17 ఏళ్ల పిల్లలు స్థానిక సమస్య మీద చేసిన అధ్యయనాన్ని అక్కడ సమర్పిస్తారు, ప్రధానాంశం ముందే ప్రకటిస్తారు, రోజువారీ పనిని, కొలతలను రాసుకున్న లాగ్‌బుక్‌కు విలువ ఇస్తారు. బోరు నీటి పటం, కుండ, ఉప్పు నీటిలో వరి వంటి కొలిచే, పెంచే ప్రాజెక్టులకు ఇది సహజమైన చోటు. ఇన్‌స్పైర్ మానక్ అవార్డులకు పాఠశాల ద్వారా ఆలోచనను నమోదు చేస్తారు, ఎంపికైతే నమూనా తయారీకి 10,000 రూపాయలు విద్యార్థి బ్యాంకు ఖాతాలో పడతాయి. కేంద్ర శాస్త్ర సాంకేతిక శాఖ, నేషనల్ ఇన్నోవేషన్ ఫౌండేషన్ కలిసి నడిపే ఈ పథకం పరికరాలు కట్టేవాళ్లకు అనుకూలం. డ్రయ్యర్ కట్టాలనుకునే పేద విద్యార్థికి నేను మొదట చెప్పేది ఇదే, ఎందుకంటే పని మొదలుపెట్టక ముందే డబ్బు అందే అవకాశం మిగతా చోట్ల తక్కువ.

అమెరికాలో 1950 నుంచి జరుగుతున్న అంతర్జాతీయ సైన్స్, ఇంజనీరింగ్ ఫెయిర్‌కు తొమ్మిది నుంచి పన్నెండో తరగతి వాళ్లు అర్హులు. మన దేశం నుంచి ఐరిస్ అనే విద్యార్థి పరిశోధనల జాతీయ ప్రదర్శన ద్వారా జట్టును ఎంపిక చేస్తున్నారు. అక్కడికి గురిపెట్టేవాళ్లు ఒక నియమం గుర్తుంచుకోవాలి: మనుషులను సర్వే చేసే ప్రాజెక్టులకు, వెన్నెముక ఉన్న జంతువులతో, సూక్ష్మజీవులతో చేసే ప్రాజెక్టులకు పని మొదలుపెట్టక ముందే అనుమతి తీసుకోవాలి. తాతల కాలపు నీళ్ల అలవాట్ల మీద ఊళ్లో ప్రశ్నాపత్రం పంచాక అనుమతి కోసం వెళితే అప్పటికే ఆలస్యమైపోతుంది. కుండ, నీడ, ట్యాంకు ప్రాజెక్టులకు ఆ బాధ లేదు.

నా సలహా

ఊళ్లో ఉంటూ, బడిలో ల్యాబు లేకుండా, నెలకు వంద రూపాయలకు మించి ఖర్చుపెట్టలేని విద్యార్థికి సందేహం లేకుండా కొలిచే ప్రాజెక్టు. వేసవి చేతిలో ఉంటే కుండ, శీతకాలమైతే నీడ. టింకరింగ్ ల్యాబు ఉండి, వస్తువులు విప్పి చూడటం అలవాటున్న విద్యార్థికి మట్టి సెన్సరు, కానీ మోటారు వైపు కాకుండా సెన్సరు అంకెకు అర్థం వెతికే వైపు. వ్యవసాయ కుటుంబపు పిల్లలకు డ్రయ్యర్ లేదా ఉప్పు నీటి వరి. ఆ ఇంట్లో పెద్దవాళ్లకు పంట గురించి తెలిసినంత బడిలో ఎవరికీ తెలియదు, ఆ తెలివిని వాడుకోకపోవడం నష్టం. నగరంలో అపార్టుమెంటులో ఉండే విద్యార్థికి ట్యాంకు మట్టం దగ్గరగా ఉంటుంది. ఫొటోల ప్రాజెక్టును ప్రోగ్రామింగ్ ఇప్పటికే ఏడాదిగా నేర్చుకుంటున్నవాళ్లకే సూచిస్తాను.

ఇద్దరు కలిసి చేయడం ఒక్కరు చేయడం కంటే మంచిదా అని చాలామంది అడుగుతారు. కొలిచే పనిలో ఇద్దరుంటే ఒకరు ఊరెళ్లినా రోజువారీ కొలత తప్పదు, ఒకరు చదివిన అంకెను మరొకరు సరిచూడవచ్చు, కాబట్టి ఇద్దరే మేలు. ప్రోగ్రాము రాసే పనిలో మాత్రం సాధారణంగా ఒక్కరే చేస్తారు, రెండోవారు చార్టు గీస్తారు. అలా అయితే విడివిడిగా చేయడం న్యాయం.

ఎంపిక ఇంకా తేలకపోతే రెండు ప్రాజెక్టులను చెరో వారం చిన్న స్థాయిలో చేసి చూడండి. ఒక కుండను ఏడు రోజులు తూచండి, ఒక సెన్సరును ఏడు రోజులు మట్టిలో ఉంచండి. ఎనిమిదో రోజు పొద్దున ఎవరూ చెప్పకుండా విద్యార్థి ఏ నోటుపుస్తకం తెరుస్తాడో, ఏ అంకె ఎందుకు అలా వచ్చిందని అడుగుతాడో చూసి, ఆ ప్రాజెక్టును ఖాయం చేయండి. నోటుపుస్తకంలో పేజీలకు ముందే అంకెలు వేయించి, ప్రతి కొలత పక్కన తేదీ, వేళ పెన్నుతో రాయించండి; తప్పు పడిన అంకెను చెరిపేయకుండా ఒక గీత కొట్టి పక్కన సరైనది రాయమని మొదటి రోజునే చెప్పండి.